విల్నియస్ నగరం - పుస్తకం మోసిన మనుషులు

ఐరోపా ఖండపు పటంలో ఉత్తరాన బాల్టిక్ సముద్రం ఉన్నది. దాని తూర్పు తీరాన ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా అనే మూడు చిన్న దేశాలు ఒకదాని కింద ఒకటి అమర్చినట్లు కనిపిస్తాయి. మూడింటిలోను దక్షిణాన ఉన్నది లిథువేనియా. దాని రాజధాని విల్నియస్. దేశ జనాభా మొత్తం ముప్పై లక్షలకు లోపే. మన హైదరాబాదు జనంలో మూడోవంతుకు మించదు. ఇంత చిన్న దేశపు రాజధానిని గురించి మన విద్యార్థులకు చెప్పవలసినది ఏమున్నదని కళాశాల పెద్దలు అడగవచ్చును. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు చెప్పుటకే ఈ వ్యాసం.

మా మేనల్లుడు ఆ దేశంలో వైద్యవిద్య చదువుతున్నాడు. మా అక్కగారి బలవంతం మీద గత వేసవిలో మేము అతనిని చూడబోయి పది రోజులు విల్నియస్‌లో ఉన్నాము. బయలుదేరే ముందు తరగతిలో ఒక విద్యార్థి లేచి ఒక ప్రశ్న అడిగాడు. "సార్, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం. బజారులో తెలుగు మాట్లాడుతాం. పరీక్షలు ఇంగ్లీషులో రాస్తాం. ఇంతకీ మన భాష ఏది?" తరగతి నవ్వింది. మేమూ నవ్వి పాఠంలోకి వెళ్ళిపోయాము. జవాబు తోచక నవ్వామని మాకు తెలుసు. అతనికీ తెలిసే ఉండును. ఆ ప్రశ్న మాతోపాటు విమానం ఎక్కినది.

నగరం పుట్టుక

నెరిస్, విల్నియా అనే రెండు నదులు కలిసే చోట, ఒక గుట్ట చుట్టూ విల్నియస్ వెలసినది. దానిని గురించి ఒక కథ చెబుతారు. గెదిమినాస్ అనే రాజు వేటకు వచ్చి అలసి అక్కడ నిద్రించాడు. కలలో గుట్టమీద ఒక ఇనుప తోడేలు నిలిచి నూరు తోడేళ్ళ గొంతుతో అరిచినది. ఇక్కడ నగరం కట్టితే దాని కీర్తి దేశదేశాలకు వినిపిస్తుందని పురోహితుడు ఆ కలకు అర్థం చెప్పాడు. కథ మాట ఎట్లున్నా, 1323లో గెదిమినాస్ జర్మన్ నగరాలకు పంపిన లేఖలలో విల్నియస్ పేరు మొదటిసారిగా కనిపిస్తుంది. వర్తకులు, చేతిపనివారు, మతగురువులు ఎవరైనను వచ్చి నివసించవచ్చునని ఆ లేఖల సారాంశం. నగరం పేరు చరిత్రలోకి ఎక్కినదే పరులను రమ్మనే పిలుపుతో అన్నమాట. ఈ సంగతి మాకు ఎంతో నచ్చినది.

జూన్ నెలలో అక్కడ పొద్దు రాత్రి పదింటి దాకా వాలదు. మేము మగ్రిబ్ నమాజు పదిగంటలకు చదివి, వెలుగు ఇంకా పూర్తిగా ఆరకముందే వీథుల వెంట నడిచేవారము. పాత నగరాన్ని 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. రాళ్ళు పరచిన సన్నని సందులు, మలుపు మలుపున ఒక చర్చి. ఎర్ర ఇటుకలతో కట్టిన సెయింట్ ఆన్ చర్చిని చూసి, 1812లో ఆ దారిన వచ్చిన నెపోలియన్ దానిని అరచేతిలో పెట్టుకుని పారిస్‌కు తీసుకుపోవాలని ముచ్చటపడ్డాడని చెప్పుకుంటారు. పూటకూళ్ళ ఇంట్లో మాకు ఒక గిన్నెలో గులాబిరంగు చారు పెట్టారు. బీట్‌రూట్, దోసకాయ తురిమి పుల్లని మజ్జిగ వంటి పాలలో కలిపిన చల్లని చారు అది. మా అమ్మగారు చేసే పెరుగు పచ్చడి గుర్తుకువచ్చి రెండవసారి అడిగి పోయించుకున్నాము.

మాటల చుట్టరికం

తెలుగు చదువుకున్న వారికి లిథువేనియన్ భాష ఒక వింత అనుభవం. నగర ప్రాకారానికి మిగిలిన ద్వారమొకటి ఉన్నది. దాని పేరు 'ఔష్రోస్ వర్తాయ్', అనగా ఉషోద్వారం. 'ఔష్రా' అంటే వేకువ. అది మన 'ఉషస్సు'కు చుట్టము. అంగడి పలకల మీద, పత్రికల శీర్షికలలో ఇట్టి చుట్టాలను వెదుక్కోవడమే మాకు కాలక్షేపమయినది. నిప్పు 'ఉగ్నిస్' - మన అగ్ని. పొగ 'దూమాస్' - మన ధూమము. కుమారుడు 'సూనుస్' - మన సూనుడు. పురుషుడు 'వీరస్' - మన వీరుడు. తేనె 'మెదుస్' - మన మధువు. పన్ను 'దంతిస్' - మన దంతము.

ఇందులో మాయ ఏమీ లేదు. సంస్కృతము, లిథువేనియన్ ఒకే మూలభాష నుండి విడిపోయిన శాఖలు. లిథువేనియన్ అడవుల మధ్య ఒక మూల ఉండిపోవడం వల్ల పాతరూపాలను చాలావరకు నిలుపుకున్నది. మన తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది. ఈ మాటలు మనకు సంస్కృతం నుండి ఎరువు వచ్చినవి. ఉర్దూకు మాత్రం ఇవి పుట్టింటి సొత్తు. ఆగ్, ధువాఁ, దాంత్, దో అనే మాటలు ఉగ్నిస్, దూమాస్, దంతిస్, దు అనే మాటలకు దూరపు అక్కచెల్లెళ్ళు. ఉర్దూ విభాగపు విద్యార్థులు ఈ పట్టికను తమ ఉపాధ్యాయుల వద్ద ఇంకను పెంచుకోవచ్చును.

అక్కడి సామెత ఒకటి ఉన్నది. దేవుడు పళ్ళిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు అని. 'దియేవస్ దవే దంతిస్' అని మొదలవుతుంది. దేవుడు, దానము, దంతము - మూడు మాటలూ మనకు తెలిసినవే. నారు పోసినవాడు నీరు పోయడా అని మనం అనడం లేదా? ముక్కు ఇచ్చినవాడే గింజా ఇస్తాడని మా ఇళ్ళలో పెద్దలు ఉర్దూలో అంటారు. మూడు భాషలవారు ఒకే నమ్మకాన్ని మూడు విధాల చెప్పుకున్నారు.

నలభై తాతారుల గ్రామం

ఒక ఉదయం మేనల్లుడు మమ్ము నగరానికి నైరుతిగా కొద్ది దూరంలో ఉన్న ఒక పల్లెకు తీసుకువెళ్ళాడు. ఆ పల్లె పేరుకు అర్థమే 'నలభై తాతారులు'. పధ్నాలుగవ శతాబ్ది చివర వీతౌతస్ అనే ప్రభువు క్రిమియా, నల్లసముద్ర ప్రాంతాలనుండి తాతారు ముస్లిములను రప్పించి, భూములిచ్చి, తన సైన్యంలో గౌరవస్థానమిచ్చి నిలిపాడు. వారి వంశీకులు నేటికీ అక్కడ ఉన్నారు. ఆరు వందల ఏండ్లకు పైగా ఐరోపా నడిబొడ్డున ఉంటూ వారు తమ మతాన్ని నిలుపుకున్నారు.

ఆ ఊరి మసీదు 1815లో కట్టినది. మొత్తం చెక్కతో కట్టినది. దూరాన్నుంచి చూస్తే పల్లెటూరి ఇల్లే అనుకున్నాము. కప్పు మీద చిన్న బురుజు, దానిపై నెలవంక కనిపించాక గానీ గుర్తుపట్టలేకపోయాము. పక్కనే పైన్ చెట్ల నీడలో సమాధుల తోట. దానిని అక్కడివారు 'మిజార్' అంటారు. మన మజారే. రాళ్ళమీద అరబీ, పోలిష్, రష్యన్ లిపులు కలిసి ఉన్నాయి. ఒక్కొక్క తరం తమ కాలంలో చెల్లిన లిపిని చెక్కించుకున్నది కాబోలు. మేము ఫాతిహా చదివి చాలాసేపు అక్కడే నిలబడ్డాము.

ఈ తాతారుల కథలో మా తరగతి ప్రశ్నకు సగం జవాబు దొరికినది. వారు వచ్చినప్పుడు తుర్కీ భాష మాట్లాడేవారు. రెండు మూడు శతాబ్దాలలో ఆ భాష వారి ఇళ్ళనుండి తప్పుకున్నది. ఇరుగుపొరుగువారి బెలరూసీ, పోలిష్ భాషలే వారి ఇంటిభాషలయినవి. అప్పుడు వారు చేసిన పని గమనించదగినది. ఆ పొరుగు భాషలనే అరబీ లిపిలో రాయనారంభించారు. ప్రవక్తల కథలు, నీతిబోధలు, ఆచారవిధులు చేతిరాతతో గ్రంథాలుగా కూర్చుకున్నారు. వాటిని 'కితాబ్'లు అన్నారు. ఖురాను పంక్తుల నడుమ స్థానిక భాషలో అర్థం రాసుకున్న 'తఫ్సీర్'లు, జేబులో పట్టే ప్రార్థనల 'హమాయిల్'లు కూడా రాసుకున్నారు. అరబీలో లేని ధ్వనులకు కొత్త అక్షరాలు కల్పించారు. ట, డ వంటి ధ్వనులకోసం ఉర్దూ లిపిలో కొత్త గుర్తులు చేర్చుకున్నట్లే ఇది. మన దక్షిణాదిన తమిళ, మలయాళ ముస్లిములు తమ భాషలను అరబీ లిపిలో రాసుకున్న అరబుతమిళం, అరబిమలయాళం కూడా ఇటువంటివే.

ఆ కితాబులు కొన్ని విల్నియస్ గ్రంథాలయాలలో భద్రంగా ఉన్నాయి. బెలరూసీ భాషను రష్యన్ లిపిలో రాస్తే కనిపించని కొన్ని ఉచ్చారణ వివరాలు అరబీ లిపిలో నిలిచి ఉండడంచేత, ఆ భాష చరిత్ర చదివేవారికి ఈ ముస్లిముల కితాబులు ఆధారగ్రంథాలయినవి. ఇతరుల భాష అని అనుకుని ఉంటే వారు ఆ పని చేయలేకపోయేవారు.

రాట్నం దగ్గరి బడి

మిగిలిన సగం జవాబు లిథువేనియన్ల చరిత్రలో ఉన్నది. వారి భాషలో మొదటి అచ్చుపుస్తకం 1547లో మార్తీనస్ మజ్వీదాస్ అనే గురువు రాసిన క్రైస్తవ ప్రశ్నోత్తరి. ఆ తరువాత చాలాకాలం అది రైతుల భాషగానే ఉండిపోయినది. పెద్దింటివారు పోలిష్ మాట్లాడేవారు. పద్దెనిమిదవ శతాబ్ది చివర దేశం రష్యా జారు చక్రవర్తుల వశమయినది. 1579లో స్థాపితమయిన విల్నియస్ విశ్వవిద్యాలయాన్ని, తిరుగుబాటు జరిగిందన్న కోపంతో 1832లో జారు మూయించాడు. 1863లో మరొక తిరుగుబాటు జరిగినది. ఈసారి శిక్ష అక్షరాలకు పడినది. 1864 నుండి లిథువేనియన్ భాషను దాని లాటిన్ లిపిలో అచ్చువేయడం నిషిద్ధం. అచ్చువేస్తే రష్యన్ లిపిలోనే వేయవలెను. ఆ నిషేధం నలభై ఏండ్లు, 1904 వరకు సాగినది.

ప్రజలు ఆ లిపిలోని పుస్తకాలను ముట్టుకోలేదు. సరిహద్దు అవతల జర్మన్ల ఏలుబడిలో ఉన్న తిల్సిత్ వంటి పట్టణాలలో తమ లిపిలో పుస్తకాలు అచ్చువేయించి రహస్యంగా మోసుకొచ్చారు. మోతియేయుస్ వలాన్చుస్ అనే బిషప్పు ఈ పని మొదలుపెట్టినవారిలో ముఖ్యుడు. మోసినవారు మాత్రం ఎక్కువగా రైతులు. వారిని 'పుస్తకం మోసేవారు' అనే అర్థంలో 'క్నీగ్నెషియై' అన్నారు. రాత్రివేళ, మంచులో, తుపాకి కావలివాళ్ళ కన్నుగప్పి, గోనెలలో, గడ్డిబండ్ల అడుగున పుస్తకాలు దాటించేవారు. దొరికితే చెర, లేదా సైబీరియా ప్రవాసం. కొందరు సరిహద్దు మీదనే తుపాకి దెబ్బలకు కూలిపోయారు. యుర్గిస్ బియెలినిస్ అనే రైతుబిడ్డ దాదాపు మూడు దశాబ్దాలు ఈ పని చేశాడు. ఆయన పుట్టిన మార్చి 16వ తేదీని ఇప్పుడు అక్కడ పుస్తకవాహకుల దినంగా జరుపుకుంటారు. 1883లో సరిహద్దు అవతల అచ్చయి ఇట్లే లోపలికి వచ్చిన పత్రిక పేరు 'ఔష్రా'. ఉషస్సు!

బడులలో ఆ భాష లేదు. అందుచేత తల్లులే ఉపాధ్యాయినులయ్యారు. రాట్నం వడుకుతూ పక్కన బిడ్డను కూర్చోబెట్టుకుని అక్షరాలు చెప్పేవారు. పెత్రస్ రింషా అనే శిల్పి 1906లో ఈ దృశ్యాన్ని శిల్పంగా మలచి దానికి 'లిథువేనియన్ పాఠశాల' అని పేరు పెట్టాడు. ఆ బొమ్మ ప్రతిరూపాన్ని చూసినప్పుడు మాకు మా నాయనమ్మగారు జ్ఞాపకం వచ్చారు. ఆమెకు సంతకం రాదు. అయినను విస్తరాకులు కుడుతూ మాకు ఉర్దూ పొడుపుకథలు, తెలుగు శతకపద్యాలు రెండూ నోటితో నేర్పినారు. తెలుగులో ఎం.ఏ. చదవడానికి మాకు మొదటి గురువు ఆమెయే.

ఇక్కడ ఒక విశేషం చెప్పవలెను. 1897 జనాభా లెక్కల ప్రకారం విల్నియస్ నగరంలో లిథువేనియన్ మాతృభాషగా గలవారు నూటికి ఇద్దరు మాత్రమే. నూటికి నలభైమంది యూదులు, ముప్పైమంది పోలిష్‌వారు, ఇరవైమంది రష్యన్లు. ఆనాడు ఎవరైనను లెక్కలు చూసి, ఈ భాషకు ఈ నగరంలో చోటు లేదని అని ఉండవచ్చును. నేడు అది ఆ నగరపు రాజభాష. భాషకు ఎంతమంది ఉన్నారన్నదానికంటె, ఉన్నవారు ఏం చేశారన్నదే ముఖ్యమని ఇందువల్ల తెలుస్తున్నది.

గ్రంథాలయోద్యోగిని

ఆ నలభైమంది యూదులు ఏమయ్యారన్నది ఈ నగరపు కథలో చీకటి భాగం. దానిని దాటవేస్తే మా ప్రేమ అబద్ధమవుతుంది. ఒకప్పుడు విల్నియస్‌ను 'లిథువేనియా యెరూషలేము' అనేవారు. యూదుల పాఠశాలలు, గ్రంథాలయాలు, ముద్రణాలయాలు అంతగా అక్కడ వర్ధిల్లాయి. 1941లో నాజీ సేనలు నగరాన్ని పట్టుకున్నవి. దగ్గరి పనేరియై అడవిలో సుమారు డెబ్బైవేలమంది యూదులను కాల్చి గుంతలలో పూడ్చారు. స్థానికులు కొందరు కూడా ఆ హత్యలలో చేయి కలిపారు. తమ భాషకోసం అంత త్యాగం చేసిన జాతిలోనే పొరుగువాని ప్రాణం తీసినవారు కూడా పుట్టారు. భాషాభిమానం ఒక్కటే మనిషిని మంచివానిగా చేయదని దీనివల్ల గ్రహించవలెను.

కాని అదే కాలంలో ఓనా షిమాయిటె అనే స్త్రీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తుండేది. యూదులను ఒక మూల వాడలో గోడలమధ్య నిర్బంధించినప్పుడు, యూదు విద్యార్థులు తిరిగి ఇవ్వని గ్రంథాలయ పుస్తకాలు వసూలు చేయాలన్న నెపంతో ఆమె అనుమతి సంపాదించి లోపలికి వెళ్ళేది. వెళ్ళేటప్పుడు ఆహారం, వచ్చేటప్పుడు కాపాడవలసిన కాగితాలు. పిల్లలను తప్పించడంలోను సహాయపడినది. 1944లో పట్టుబడి చిత్రహింసలు పడినది. నిర్బంధ శిబిరానికి పంపబడినది. ప్రాణాలతో బయటపడినది. యెరూషలేములోని యాద్ వాషెమ్ సంస్థ 1966లో ఆమెను గౌరవించినది.

ఆ వాడలోపల యూదు కవులు, పండితులు కూడా పుస్తకాలు మోశారు. దొరికిన గ్రంథాలలో విలువైనవి జర్మనీకి పంపి, తక్కినవి కాగితపు గుజ్జుకు వేయవలెనని నాజీల ఆజ్ఞ. ఆ ఏరే పనికి నియమించబడినవారే రోజూ చొక్కాల కింద పుటలు దాచుకుని వాడలోకి తెచ్చి పాతిపెట్టారు. అబ్రహాం సుట్స్‌కెవర్ అనే కవి వారిలో ఒకడు. యుద్ధం ముగిశాక సోవియట్ పాలనలో ఆ పుస్తకాలకు మళ్ళీ గండం వచ్చినది. అప్పుడు ఆంతానస్ ఉల్పిస్ అనే లిథువేనియన్ గ్రంథాలయాధికారి, యూదుడు కానివాడు, వాటిని ఒక పాత చర్చి భవనంలో ఇతర కాగితాల గుట్టల మధ్య దాచి ఉంచాడు. 1980ల చివర అవి వెలుగు చూశాయి. వాటిలోని భాష ఆయనది కాదు. అయినను అవి తన నగరపు పుస్తకాలని ఆయన తలచాడు.

చేయి చేయి కలిపి

విల్నియస్ ప్రధాన చర్చి ముందరి మైదానంలో నేలమీద ఒక పలక ఉన్నది. దానిపై 'అద్భుతం' అనే అర్థమిచ్చే వారి మాట ఒక్కటే చెక్కి ఉన్నది. 1989 ఆగస్టు 23న విల్నియస్ నుండి రిగా మీదుగా టల్లిన్ దాకా, ఆరువందల కిలోమీటర్లకు పైగా, మూడు దేశాల ప్రజలు దాదాపు ఇరవై లక్షలమంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. సరిగ్గా యాభై ఏండ్ల కిందట హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు తమ దేశాలను పంచుకున్న రహస్య ఒప్పందానికి అది నిరసన. ఒక్క రాయి విసరలేదు. మరుసటి ఏడు మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. 1991 జనవరిలో సోవియట్ సేనలు టెలివిజన్ గోపురం పట్టుకోవడానికి వచ్చినప్పుడు నిరాయుధులైన ప్రజలు అడ్డు నిలిచారు. పద్నాలుగుమంది ప్రాణాలు పోయాయి. ఆ పలకమీద నిలబడి అక్కడివారు ఏదో ఒకటి కోరుకుంటారు. మేనల్లుడు పరీక్షల సంగతి కోరుకున్నానన్నాడు. మేము ఏమి కోరుకున్నామో వ్యాసాంతంలో చెప్పెదము.

మన బీరువాలు

తిరిగి వచ్చాక ఆ విద్యార్థిని పిలిచి మాకు తోచిన జవాబు చెప్పాము. నాయనా, భాష ఎవరిదంటే మోసినవానిది. తాతారులు పొరుగుభాషను మోశారు, అది వారిదయినది. ఉల్పిస్ పరుల పుస్తకాలను కాపాడాడు, అవి ఆయనవీ అయినవి. నీకు రెండు భాషలు ఇంటికి వచ్చి చేతికి అందాయి. ఇందులో నాది ఏది అని ఏరుకోవలసిన అవసరం ఏమున్నది? ఒక సభలో ఒక పెద్దమనిషి మా ప్రసంగం విని, "మీరు ముస్లిములై ఉండి ఇంత మంచి తెలుగు మాట్లాడుతున్నారే" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకోలే గనుక నమస్కరించాము. మనసులో మాత్రం ముల్లు గుచ్చుకున్నది. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కావ్యానికి కృతిభర్త అయిన నేల ఇది. తొలి అచ్చతెనుగు కావ్యమైన యయాతి చరిత్రము అమీన్‌ఖానుకు అంకితమయినది. పిఠాపురంలో ఉమర్ అలీషాగారు తెలుగు పద్యంలో గ్రంథాలు రచించారు. ఆశ్చర్యపడవలసినది ఏముంది?

ఇక కళాశాల పాలకవర్గం వారికి ఒక మనవి. మీరు చేతిలో పట్టుకున్న ఈ సంచికను కుడివైపు అట్టనుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు అట్టనుండి తెరిస్తే తెలుగు. రెండూ నడుమ కలుస్తాయి. ఇటువంటి పాత సంచికలు, వెనుకటి విద్యార్థులు చేత్తో రాసిన పత్రికలు, దాతలిచ్చిన ఉర్దూ తెలుగు గ్రంథాలు మన గ్రంథాలయపు వెనుక గదిలో రెండు బీరువాలలో ఉన్నాయి. వర్షాకాలంలో ఆ గోడ చెమ్మగిల్లుతుంది. ఒక బీరువా కింది అరకు చెద పట్టినది. వాటిని పొడిగదిలోకి మార్చి, జాబితా రాయించవలెను. అందుకు పెద్ద ఖర్చు కాదు. జాబితా రాసే పని మేమూ, ఆ ప్రశ్న అడిగిన విద్యార్థీ వేసవి సెలవులలో చేయుటకు సిద్ధముగా ఉన్నాము. ఉర్దూ బీరువా మొదట అతను, తెలుగు బీరువా మొదట మేము అనుకున్నాము. కాదు, అటుదిటు మార్చుకుందామని అతనే అన్నాడు.

విల్నియస్‌లో ఆ పలకమీద నిలబడి మేము కోరుకున్నది ఆ గది తాళంచెవి. పాలకవర్గం వారు దయతో ఇప్పించగలరని ఆశిస్తున్నాము.